పొది

గుత్తి కోట కింద తెల్లోళ్ళ గోరీలు,
మేకలు మేసే చోటు.
అక్కడ మూడో వరసలో ఓ రాయిని చూడను
ఇంగ్లండు నుంచి ఒకామె వచ్చింది మొన్న మంగళవారం.
మంగళవారం మాకు సెలవు.
షాపు ముందర మంచం మీద పడుకోనుంటిని.

పేరు హిల్డా. డెబ్బై దాటింటాయి.
వాళ్ళ ఊరి చరిత్ర రాస్తాందంట.
ఊరంటే మూడొందల గడప, ఒక చర్చి, ఒక వాగు.
అంత చిన్న ఊరికి చరిత్ర ఏమిటికప్పా అని
కూడా వచ్చిన కాలేజీ పిల్లోడిని అడిగితే
వాడు ఆ మాట ఆమెకు చెప్పలేదు.

సంచిలోంచి కాగితాలు తీసింది.
ఎడ్మండ్ ట్రెవిక్, కుంపిణీ సర్జను.
పుట్టిన రోజు,
పద్నాలుగేండ్లకు ఎవరి కింద పనికి కుదిరిందీ,
గురువుకు కట్టిన సొమ్ము, మొదటి రంపం ఖరీదు,
ఓడెక్కేముందు అక్కకు బాకీపడిన తొమ్మిది షిల్లింగులు,
అన్నీ ఉన్నాయి.
లేనిదల్లా గుత్తిలో చివరి ఎనిమిది నెలలు.

మా ఇంట్లో ఉన్నవి ఆ ఎనిమిది నెలలే.

కాగితం మీద కాదు, మా జేజి నోట్లో.
నాకు తలంటి పోసేటప్పుడు చెప్పేది.
తిరువిక్కి దొరకు వీపున రాచపుండు లేచింది.
ఎంతమంది కాళ్ళు కోసినాడో,
సిపాయిల ఒంట్లోంచి ఎన్ని తూటాలు పీకినాడో,
తన వీపు తనకు అందుతుందా?
ఇంకో డాక్టరు బళ్ళారిలో.
వంకలు పారుతున్నాయి, గుర్రం దాటదు.
అప్పుడు పిలిపించినారు సుంకులప్పను
పెరటి దారిన, చీకటి పడినాక.

దొర తన పెట్టె తెరిచి చూపించినాడంట,
మకమల్ గుడ్డలో పండుకున్న కత్తులు.
సుంకులప్ప ఒకటి తీసి బొటనవేలి గోరుకు ఆనించి
"పదును లేదు సామీ" అని
తన పొది విప్పినాడు.

వేపాకు నీళ్ళు.
సారాయి సగం పుండుకు, సగం దొరకు.
కరుచుకోను గుర్రం కళ్ళెం వారు.
నిలువుకు ఒక గాటు, అడ్డానికి ఒకటి.
ఇక్కడ జేజి ఆగి, నా వీపు మీద వేలితో గీసేది.
ఇప్పటికీ ఆ చోట జిల.

కూలి ఒక వెండి రూపాయి.
ఎవరికీ చెప్పొద్దని ఇంకొకటి.

దొర ఆ మీదట నెలా పదైదు దినాలు బతికినాడు.
పుండు మానింది. చంపింది చలిజ్వరం.
ఈ మాట జేజి రెండుసార్లు చెప్పేది,
సుంకులప్ప మీదికి నింద రాకుండా.

పిల్లోడు ఇంగ్లీషులో పెట్టినాడు,
ఎంత పెట్టినాడో ఎంత మింగినాడో.
ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని అనిందేమంటే,
ట్రెవిక్ తాత కూడా మంగలేనంట.
వాళ్ళ దేశంలో ఒకప్పుడు
గడ్డం గీసే చెయ్యే నెత్తురు తీసేది, పన్ను పీకేది,
విరిగిన ఎముకకు కట్టు కట్టేది.
ఇద్దరికీ ఒకటే సంఘం.
తర్వాత ఏరుపడినారు.

నేను లేచి కూచుంటిని.

మీ ఊర్లో మంగలి మనవడు
దొరయి సముద్రం దాటి వచ్చినాడు.
మా ఊర్లో మంగలి
దొరనే కోసి బతికించి
పెరటి దారినే ఇంటికి పోయినాడు.
వాని మనవడు, ఆ మనవడి మనవడు,
ఇప్పుడు మా అన్న కొడుకు
అనంతపురం పెద్దాసుపత్రిలో ఉన్నాడు.
ఆపరేషనుకు ముందు రోగికి వెంట్రుకలు గీస్తాడు.
కాంట్రాక్టు పని.
గీసి బయటికి వస్తాడు. తలుపు మూసుకుంటాది.

ఇదీ చెప్పమన్నా పిల్లోడిని.
వాడు నేల చూసినాడు.

ఆమె పెన్ను తీసి సుంకులప్ప పేరు అడిగింది.
మూడుసార్లు నాతో పలికించుకుంది.
"సుంకలాప్" అని రాసుకుంది.
పోనీలే. మేము తిరువిక్కి అనలేదా.

పోయేముందు పొది చూడాలనింది.
తోలు ఎన్నడో చీకిపోయింది.
మిగిలింది సానరాయి ఒక్కటే,
నడిమిన అరిగి దోనె మాదిరి.
ఆ గుంతలో అరచెయ్యి పెట్టి
చానాసేపు తీయలేదు.
నాకు ఏమి చేయాలో తోచక
టీ తాగుతారా అని అడిగితిని.